ఒంటి చెప్పు లైన్ క్లియర్

ఒక చెప్పు కోసం మూడూళ్లకు కరెంటు ఆపాడని మా దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు. ఆయన ఆఖరుసారి కరెంటు ఇవ్వనని మొండికేసిన సమయానికి సబ్‌స్టేషన్ గదిలో అసలు ఆ చెప్పే లేదు. ఇది నాకు ఖాయంగా తెలుసు. ఎలా తెలుసని అడుగుతారనే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న కోడేరులో వనపర్తి బస్సెక్కాను. ముందు సీట్లో మా పక్క ఊరివాళ్లు ఇద్దరు కూర్చున్నారు.

"చెప్పుల ఆపరేటర్ పోయిండంట, ఎర్కేనా?"

"ఏ చెప్పుల ఆపరేటర్?"

"అరే, మన సబ్‌స్టేషన్ల ఉంటుండె సూడు. ఒక్క చెప్పు కోసం ఊర్లకు ఊర్లు ఎండబెట్టినాయన. రిటైరై బీచుపల్లి దిక్కు వాళ్ల ఊరికి పోయిండె. పండుకున్నోడు పండుకున్నట్టె పోయిండంట."

"ఓ, గాయననా. మరి చెప్పులు ఏస్కోని పోయిండో, ఒకటి ఇడిసిపెట్టి పోయిండో."

ఇద్దరూ సీట్లు కదిలేలా నవ్వారు.

తప్పు మాట వింటే దిద్దకుండా ఉండలేని మనిషిని నేను. మా మరిది పెళ్లిలో పంతులుగారు గోత్రం తప్పు చదివితే తాళి ముడి దగ్గర ఆపించినదాన్ని. "చెప్పు కోసం కాదు" అన్నాను, కొంచెం గట్టిగానే. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"మరి దేనికోసమక్కా?"

నేను తెరిచి ఉన్న కిటికీ మూశాను. మళ్లీ తెరిచాను. వనపర్తి దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నన్నెరిగినవాళ్లకు ఇది చెప్పినా నమ్మరు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తెలియక కాదు. పై ఆఫీసుకు అర్జీలు రాసినప్పుడల్లా ఆ పేరే మొదటి వరుసలో రాసేదాన్ని. అన్నిసార్లు రాసింది చాలు.

మా సబ్‌స్టేషన్ ఊరికి బయట, కోడేరు రోడ్డు పక్కన ఉంటుంది. ముళ్లకంచె, కంకర పరిచిన ఆవరణ, మధ్యలో రోజంతా గుర్రుమని చప్పుడు చేసే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పక్కన ఒక గది. ఆ గదిలో ఒక బల్ల, ఒక ఫోను, గోడకు బీరువాల్లాంటి మూడు పెట్టెలు. ఒక్కో పెట్టె ఒక్కో ఫీడరుకు, అంటే కొన్ని ఊళ్లకు పోయే ఒక్కో లైనుకు. మా ఊరు, పక్కనున్న రెండూళ్లు కలిపి ఒక ఫీడరు. ఆయన పగటి డ్యూటీ ఆపరేటర్. అప్పటికి యాభై దాటాయి. పొట్టి మనిషి, మందంగా టైరు చెప్పులు, జేబులో రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఇంకొకటి మొదటిది ఎవరైనా అడిగితే ఇవ్వకుండా ఉండడానికి.

ఆయన మనిషి ముఖం చూసేవాడు కాదు. ముందు కాళ్లు చూసేవాడు. గదిలోకి ఎవరొచ్చినా తల ఎత్తకుండానే, "ఏం చెల్లె, కొత్త చెప్పులా?" అనేవాడు. వట్టికాళ్లతో వస్తే గుమ్మంలోనే ఆపేవాడు. గదిలో నల్లటి రబ్బరు పట్టా ఉండేది. దాని మీద నిలబడే బ్రేకర్లు, అంటే ఆ పెట్టెల స్విచ్చులు, తిప్పాలట. ఆయన దాని మీద నిలబడి అన్నం కూడా తినేవాడు.

మా మొదటి గొడవ నీళ్ల మీద. నేను పెళ్లై ఈ ఊరొచ్చి, వనపర్తిలో చదివిన డిగ్రీ నాలుగెకరాల వేరుశనగకూ ఒక బోరుకూ అంకితం చేసి పదిహేనేళ్లు దాటిన ఎండాకాలం అది. ఊళ్లో చేతిపంపులు ఎండిపోయాయి. సబ్‌స్టేషన్ బోరులో మాత్రం నీళ్లున్నాయి. ఆడవాళ్లం బిందెలతో వరసలో ఉంటే, ఈయన మా ముందు నుంచే రెండు బకెట్లు పట్టుకుపోయి కంచె లోపల నేలలో ఉన్న గుంతల్లో పోస్తున్నాడు. ఒక్కో గుంతకు ఒక్కో బకెట్. తులసికోటకు పోసినంత భక్తిగా.

"ఏందన్నా, మనుషులకు తాగనీకి లేవు, నువ్వు మట్టికి పోస్తుండవు?" అన్నాను.

"అవి ఎర్తింగ్ గుంతలు చెల్లె. ఎండితె కష్టం."

"ఎండితె ఏమైతది?"

"తప్పిపోయిన కరెంటు భూమిలకు దిగాలె. భూమి ఎండితె దిగదు. దిగకపోతె యాడ దారి దొరికితె ఆడికి పోతది. మీ ఇంటి గోడ ముట్టుకున్నా జుమ్మంటది. నీ బిందె ఒక గంటాగుతది. గిది ఆగదు."

నేను ఊరుకోలేదు. భూమి మీద అన్ని గుంతలుండగా నీ గుంతలకే దాహమా అని అడిగాను. ఆయన ఖాళీ బకెట్ నా చేతికిచ్చి, "ఒకటి నువ్వు పొయ్యి, పుణ్యమొస్తది" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పోశాను. తప్పలేదు.

ఫోను సంగతి ఇంకో రకం. కరెంటు పోతే మూడూళ్లూ ఒకేసారి ఫోన్ చేస్తాయి. ఆయన ఎత్తగానే, అవతలివాళ్లు నోరు తెరవకముందే, "పైనుంచి" అని పెట్టేసేవాడు. ఒకసారి మా ఆయన, వనపర్తిలో గుమాస్తా ఉద్యోగం, వారానికొకసారి ఇంటికొచ్చే మనిషి, ఆయన్ని భోజనానికి పిలవడానికి ఫోన్ చేశాడు. "పైనుంచి" అని పెట్టేశాడు. మా ఆయన సర్దుకున్నాడు. నేను సర్దుకోను. నడుచుకుంటూ పోయి అడిగాను.

"పైనుంచి అంటె యాడికెళ్లి? దేవుడి కాడికెళ్లా?"

"నాగర్‌కర్నూల్ కెళ్లి."

"నాగర్‌కర్నూల్ మనకు పైనెట్లైతది? అక్కడికి పోవాలంటె దిగువకే పోతం గద."

"బస్సుకు దిగువ. కరెంటుకు పైన." పెన్ను పక్కన పెట్టి, నాకు పాఠం చెప్పాలనుకున్నప్పుడల్లా చేసినట్టు రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "ఆడికెళ్లి ముప్పై మూడు వేలతోని వస్తది చెల్లె. గంత బలం ఊరు తట్టుకోదు. నేనీడ పదకొండు వేలకు దించుత. మీ పొలం కాడ డబ్బ ఉంటది సూడు, అది ఇంక దించి నీ మోటరుకిస్తది. అత్త నోట్లకెళ్లి వచ్చిన మాట కోడలి దాక పోయేటప్పటికి నడుమ ఒకరు జర మెత్తగ చెయ్యాలె గద. గంతే, గిదే సబ్‌స్టేషన్ అంటె."

"మా అత్త మాటకు నడుమ ఎవరూ లేకుండె. నేరుగనే తగుల్తుండె."

"గందుకే నువ్విట్ల అయినవ్" అన్నాడు.

'కరెంటు పోయింది' అనే మాట ఆయన ముందు అనకూడదు. "యాడికి పోతది? దానికేమన్న కాళ్లున్నయా? ఆగింది అను, లేకుంటె ఆపిండ్రు అను." ఇది భాష మీద పట్టుదల అనుకునేదాన్ని. కాదు. ఆగిందంటే ఒక కారణం, ఆపారంటే లైను మీద ఒక మనిషి. రెండోదాని విషయంలో ఆయనకు భయముండేది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. మీటరు ముల్లు చూసి ఊళ్ల గుట్టు చెప్పేవాడు. "మీ ఫీడరు ఆరున్నరకు లేస్తది. అవతల ఫీడరు ఐదింటికే లేస్తది" అని ఒకరోజు నా ముందే అన్నాడు, మేమేదో సోమరులమైనట్టు. మేమూ ఐదింటికే లేస్తాం, దీపం వెయ్యకుండా పని చేసుకుంటామని వాదించాను. "మరి చీమల తీర్గ చీకట్ల ఏం జేస్తరు?" అని అడిగాడు. మర్నాడు ఐదింటికి లేచి ఇంట్లో ఉన్న బల్బులన్నీ వేశాను. మా వీధిలో ఇంకో నలుగురితో వేయించాను. పదింటికి పోయి అడిగితే, పొద్దుటి డ్యూటీ తనది ఎనిమిదింటి నుంచి కదా, ముల్లు సంగతి తనకెలా తెలుస్తుందన్నాడు.

ఇక చెప్పు సంగతి.

లైను మీద పని చెయ్యాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కొచ్చి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. ఎల్‌సీ అంటారు. పుస్తకంలో పేరు రాసి సంతకం పెడితే, ఆపరేటర్ ఆ ఫీడరు ఆపి, బయట స్విచ్చు కిందికి లాగి తాళం వేస్తాడు. పని అయ్యాక, తీసుకున్న మనిషే వచ్చి ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. అప్పుడే లైను మళ్లీ ఇస్తారు. ఇది అన్ని చోట్లా ఉన్న పద్ధతే. మా ఆపరేటర్ దీనికి సొంతంగా ఒకటి కలిపాడు. ఎల్‌సీ తీసుకున్నవాడు తన ఎడమ కాలి చెప్పు గదిలో మూలన విడిచిపోవాలి.

లైన్‌మన్ కిష్టయ్య మొదట్లో తిరగబడ్డాడు. "సంతకం పెట్టిన గదనే. మల్ల చెప్పెందుకు?"

"సంతకం ఎవడన్న పెడ్తడు. చెప్పు నీ కాలుకే సరిపోతది."

"నేనేమన్న ఎగవెట్టి పోతనా?"

"పోతవ్. పని కాంగనే ఇంటికి పోయి పండుకుంటవ్. ఎల్‌సీ యాదికి రాదు. ఒక్క చెప్పుతోని నడిస్తె ప్రతి అడుగుకు యాదికొస్తది."

అది నిజమే. కిష్టయ్య సంతకం మరిచిపోయిన రోజులున్నాయి, చెప్పు మరిచిపోయిన రోజు లేదు. ఒకసారి నేను అక్కడ గొడవ పడుతుండగానే కిష్టయ్య లోపలికొచ్చి, చెప్పు కాలికి తగిలించుకుని, ఒక్క మాట మాట్లాడకుండా లూనా ఎక్కి పోయాడు. ఆపరేటర్ బయట కంకరలో ఉన్నాడు. లోపలికొచ్చి మూల చూశాడు. "పోయిండు" అని లైను ఇచ్చేశాడు. సంతకం లేదు కదన్నా అని అడిగాను. "చెప్పు పోతె ఎల్‌సీ పోయినట్టే" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఎదుటివాళ్లు అన్న మాటలు దాచిపెట్టుకోవడం నాకు అలవాటు, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల మీదే వాడొచ్చని.

ఈ పద్ధతి ఎక్కడ నేర్చావని ఒకసారి అడిగాను.

"ఇంతకుముందు యాడ పనిచేసినవన్నా?"

"ఉండె ఒక ఊర్ల."

"ఆడ గూడ చెప్పులేనా?"

"ఆడ లేదు. ఆడ ఫోన్ల చెప్తె విని ఇచ్చిన." పెన్ను జేబులో పెట్టుకుని, "ఫోన్ల అన్ని గొంతులు ఒక్క తీర్గనే ఉంటయి చెల్లె" అన్నాడు. బకెట్ తీసుకుని గుంతలకు నీళ్లు పోయడానికి పోయాడు. గుంతలు అప్పటికే తడిగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ రోజు.

యాసంగి వేరుశనగ, మా దగ్గర బుడ్లంటారు. ఊడలు దిగి కాయ పట్టే సమయం. ఆ వారం రోజుల్లో తడి తప్పితే భూమి గట్టిపడి ఊడ లోపలికి దిగదు, కాయ తాలు పోతుంది. మోటర్లు నడిచే త్రీ ఫేజ్ కరెంటు మాకు రోజుకు ఏడు గంటలు. ఆ వారం మా వంతు పొద్దున ఎనిమిది నుంచి మూడు దాకా. అప్పటికే రెండు రోజులు 'పైనుంచి' అయిపోయింది. మూడో రోజు పదకొండుకు కరెంటు ఆగింది. పక్క ఊరి పొలంలో డబ్బా ఫ్యూజు పోయిందని కిష్టయ్య ఎల్‌సీ తీసుకున్నాడట. పన్నెండైంది. పన్నెండున్నరైంది. కూలీలకు తీసుకుపోయిన అన్నం సంచి భుజానికుండగానే నేరుగా సబ్‌స్టేషన్‌కు నడిచాను. ఆ సంచిలో, ఎందుకైనా మంచిదని, ఆయన మీద రాసిన కొత్త అర్జీ కూడా ఉంది. ఇరవై మంది సంతకాలు పెట్టారు. ఆయనకు రైతుల పట్ల గౌరవం లేదని, ఫోన్‌లో 'పైనుంచి' అని పెట్టేస్తాడని, వేరే చోటికి పంపమని.

గేటు దగ్గర పదిమంది రైతులున్నారు. లోపల ఫోన్ మోగింది. ఆయన ఎత్తాడు. ఆ రోజు మాత్రం 'పైనుంచి' అనలేదు.

"పని అయిపోయిందా? నువ్వెవలు?... రైతువా. రైతు ఎల్‌సీ తీస్కోలె. కిష్టయ్యను మాట్లాడమను... లేడా? బండెక్కి వస్తుండా? వస్తుండు గద, రానీ."

ఫోను పెట్టాడు. పదిమందిమీ గదిలోకి తోసుకొచ్చాం.

"పని అయిందంటుండ్రు గదనే, ఇయ్యరాదు?"

"కిష్టయ్య అనలె."

"ఆ పొలమాయనే చెప్తుండు. ఆయనకు తెల్వదా?"

"ఆయనకు పొలం తెలుసు. కిష్టయ్య యాడున్నడో తెల్వదు." మూల వైపు చెయ్యి చూపించాడు. అక్కడ నీలం పట్టీ హవాయి చెప్పు ఒకటి, తెగిన చోట పిన్నీసు గుచ్చి, బుద్ధిగా గోడ వైపు తిరిగి ఉంది. "గది ఈడున్నది. అంటె కిష్టయ్య ఇంక లైను మీదున్నట్టె లెక్క."

"ఒక్క చెప్పు కోసం మా బుడ్లన్ని ఎండబెడ్తవా?" అని ఎవరో అరిచారు. ఊరంతా చెప్పుకునే కథ అక్కడ పుట్టింది. అక్కడి నుంచి ముందుకు కదల్లేదు.

"తాళంచెవి యాడున్నది?" అన్నాడు ఇంకొకాయన.

"మొలతాడుకున్నది. ఎవలకు ధైర్యముంటె వాళ్లు రాండ్రి."

మగవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని మెల్లగా గేటు దగ్గరికి పోయారు. నేను మిగిలాను.

అడగాల్సినవన్నీ అడిగాను. మా పొలంలో ఊడల సంగతి చెప్పాను. ఇంకా రెండు గంటలే ఉన్నాయని గోడ గడియారం చూపించాను. కిష్టయ్య దారిలో ఎక్కడో కూర్చుని ముచ్చట్లు పెడుతుంటాడని, ఆయన ముచ్చట్లకు మా పంట ఎండాలా అని నిలదీశాను. ఆయన అన్నింటికీ "అవును" అంటాడు. అవునన్నవాడితో వాదించడం నాకు చేతకాదు.

ఒంటిగంటైంది. గంట గంటకూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి నూనె ఎంత వేడెక్కిందో చూసి రాసుకోవాలి. కరెంటు ఉన్నా లేకున్నా, దేశం మునిగినా, ఆ రీడింగ్ ఆయన తప్పడు. పుస్తకం తీసుకుని బయటికి పోయాడు. వీపు నా వైపు ఉంది.

గదిలో నేనూ, చెప్పూ.

చెప్పు పోతె ఎల్‌సీ పోయినట్టే. ఆయన మాటే. డిగ్రీలో నాకు తర్కం ఒక సబ్జెక్టు, అందులో మంచి మార్కులే వచ్చాయి. రెండడుగులు వేసి, చెప్పు తీసి, అన్నం సంచిలో అర్జీ పక్కన పెట్టి, మళ్లీ వచ్చి నా చోట నిలబడ్డాను. అంతా కలిపి ఒక తుమ్ము తుమ్మేంత సేపు.

ఆయన వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. రీడింగ్ రాశాడు.

"అన్నా, ఇప్పుడె ఎవరో వచ్చి పోయినట్టున్నది. నేను కిటికీ దిక్కు చూస్తున్న. చెప్పు లేదు చూడు."

మూల చూశాడు. తర్వాత నా కాళ్లు చూశాడు. చాలాసేపు చూశాడు. కాళ్ల నుంచి ఇంకా పైకి చూపు రాలేదు. వచ్చి ఉంటే సంచి దగ్గర ఆగేదేమో. పెన్ను తీసి పుస్తకంలో ఏదో రాశాడు. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం నాకు కాలేజీలోనే వచ్చు. 'ఒంటిగంట ఐదు. చెప్పు లేదు. ఎల్‌సీ ఉంది.'

"ఇయ్యవా?"

"ఇయ్య."

"చెప్పు లేదు గద."

"లేదు."

"చెప్పు పోతె ఎల్‌సీ పోయినట్టేనంటివి."

"అంటి."

"మరి?"

"జర కూసో చెల్లె. ఎండల పడి వచ్చినవ్." కుండలోంచి నీళ్లు ముంచి గ్లాసు నా ముందు పెట్టాడు.

ఆ గ్లాసు నేను ముట్టుకోలేదు. ఇంత అన్యాయం నా జీవితంలో చూడలేదని అన్నాను. సొంత మాటకు నిలబడని మనిషితో మాటలెందుకన్నాను. ఆయన మీద అర్జీ రాశానని, అది నా సంచిలోనే ఉందని కూడా అన్నాను. సంచి ఎత్తి చూపించబోయి ఆగాను.

"రాసినవా? మంచిగ రాసినవా?" అన్నాడు. "పోయినసారి దాంట్ల నా ఇంటిపేరు తప్పు పడ్డది. సారు నవ్విండు."

రెండుంపావుకు లూనా చప్పుడు. కిష్టయ్య దిగాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు బోసి. మండుతున్న కంకర మీద కుంటుకుంటూ లోపలికొచ్చాడు. ముఖమంతా చెమట, నవ్వు.

"లేటైందన్నా. ఆ పని పన్నెండున్నరకే అయిపోయె. వస్తుంటె దారిల ముసలమ్మ అడ్డం పడ్డది. తన బోరు కాడ స్తంభం మీద వైరు ఊడి వేలాడ్తుందంట. మల్ల దానికొక ఎల్‌సీ ఎందుకు, ఎట్లయిన చేతిల ఉన్నది గదా అని ఎక్కిన. నా సెల్లు బండిలనే ఉండె."

"ఎన్నింటికెక్కినవ్?" అన్నాడు ఆపరేటర్.

"సుమారు ఒంటిగంటకు. దిగేటాలకు రెండైంది. ఒక చెయ్యి వైరుకు, ఒక చెయ్యి స్తంభానికి, ఎండకు సచ్చిన అనుకో."

అది నేను మళ్లీ రాయలేను. ఒక చెయ్యి వైరుకు. నేను కుర్చీలో కూర్చున్నాను, ఎవరూ కూర్చోమనకుండానే. ఇందాక వద్దన్న గ్లాసు తీసి తాగాను.

"నా చెప్పేది?" అన్నాడు కిష్టయ్య.

గేటు దగ్గరున్న రైతులు కూడా వచ్చి మూల చూశారు. ఆపరేటర్ తాళంచెవి తీయడానికి గోడ వైపు తిరిగి ఉన్నాడు. తిరిగి ఉండే అన్నాడు:

"కుక్కేమో. ఈ మధ్య ఒకటి తిరుగుతుంది."

నిజమే, తిరుగుతోంది. గోధుమరంగు కుక్క. దాన్ని నేనూ చూశాను. ఆ రోజు అది అక్కడ ఉందో లేదో మాత్రం నాకు గుర్తులేదు. గుర్తు చేసుకోవడానికి చాలా ప్రయత్నించాను.

లైను ఇచ్చాడు. మిగిలిన ముప్పావుగంటలో ఒక మడి తడిసింది. మూడు మళ్లు మర్నాటి దాకా ఆగాయి. ఒక మడిలో కాయ తాలు పోయింది. అంతే.

ఇంటికొచ్చి అర్జీని పొయ్యిలో పెట్టాను. వారం తర్వాత రైతులు అడిగారు: "అక్కా, అర్జీ ఏమాయె?"

"కుక్క ఎత్కపోయింది" అన్నాను.

కిష్టయ్యకు కొత్త చెప్పుల జత కొనిచ్చాను. పండగ లేదు, పబ్బం లేదు, ఎందుకని ఆయన అడిగాడు. మా ఆయనా అడిగాడు. ఇద్దరికీ చెప్పిన కారణాలు వేరు. రెండూ అబద్ధాలే. నీలం పట్టీ చెప్పు మాత్రం మా అటక మీద ఉంది. పారేయాలని తీసిన ప్రతిసారీ పిన్నీసు గుచ్చుకుంటుంది.

ఆపరేటర్‌కు 'చెప్పుల ఆపరేటర్' అని పేరు పడింది. చాయ్ హోటల్లో ఆయన కనిపిస్తే, "ఏమన్నా, ఏ కాలుది తీస్కోమంటవ్?" అని చెప్పులు విప్పి చూపించేవాళ్లు. ఆయన చాయ్ ఊదుకుని తాగి లేచేవాడు. ఒంటిగంట ఐదుకు చెప్పు లేదు, ఎల్‌సీ ఉంది అని పుస్తకంలో రాసిపెట్టిన మనిషి, ఆ మాట బయట ఎవరికీ చెప్పలేదు. ఆ చాయ్ బల్లల దగ్గర నేనూ ఉండేదాన్ని. పంతులుగారి మంత్రాలు దిద్దినదాన్ని, ఈ ఒక్క కథ దిద్దలేదు.

ఆ సంఘటనైన నాలుగో రోజు నేను సబ్‌స్టేషన్‌కు పోయాను. పని లేదు, ఊరికే. ఏదైనా అంటాడేమోనని. ఆయన స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు. ఇకమీదట చెప్పు మూలన కాదు, మేకుకు తగిలించాలట.

"గింత పైన ఎందుకన్నా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

సుత్తి ఆపి వెనక్కి తిరిగాడు. ఒక్క క్షణం చూశాడు. మళ్లీ గోడ వైపు తిరిగి, సగం దిగిన మేకును పీకి, ఇంకో జానెడు పైకి జరిపి కొట్టాడు.

"కుక్కలు ఎగుర్తయి చెల్లె" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. గేటు దగ్గర నీడలో ఆ గోధుమరంగు కుక్క పడుకుని ఉంది.

మొన్న వనపర్తి నుంచి తిరిగొస్తూ సబ్‌స్టేషన్ దగ్గర బస్సాపించి దిగాను. ఇప్పటి ఆపరేటర్ నాకు తెలియదు. పాత ఆయన పోయాడని చెప్తే, "అయ్యో, నేను సూడలె ఆయనను" అన్నాడు. మేకు అలాగే ఉంది. దానికి క్యాలెండర్ తగిలించారు.

"ఎవలు కొట్టిండ్రో అక్కా, గింత పైన. తారీకు సూడాల్నంటె స్టూలెక్కాలె."

రబ్బరు పట్టా మీద మడమలెత్తి నిలబడి చెయ్యి చాచాను. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో తెలియదు. మేకు నా వేళ్లకు జానెడు పైన ఉంది. సరిగ్గా జానెడు.

కుక్కకైతే నడుమెత్తు చాలదా? స్టూలు మీద నుంచి వెనక్కి తిరిగిన ఆ ఒక్క క్షణం, అన్నా, నువ్వు చూసింది గేటు దగ్గరున్న దాన్నా, గుమ్మంలో ఉన్నదాన్నా?